మ్యూజియం హాల్లో సుద్దగీతల రోజులు

ఇప్పటి స్కల్ప్చర్ విద్యార్థులకు మ్యూజియంలో ఒక హాలు అప్పజెప్పి, దానికి తగ్గ శిల్పం పెట్టమంటే ముందు ఫోన్ తీసి స్కాన్ చేస్తారు. పది నిమిషాల్లో గోడలు, గుమ్మాలు, కిటికీలు తెర మీదికి వచ్చేస్తాయి. తప్పేం లేదు, పని తొందరగా అవుతుంది. అయితే సుద్దముక్క, పురికొస, నీళ్ళు నింపి మట్టం చూసే లెవెల్ పైపు పట్టుకుని ఖాళీ హాళ్ళలో తచ్చాడిన తరానికి ఒంటబట్టిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ పాఠంగా చెప్పలేదు, పని జరిగేచోట చూసి నేర్చుకున్నవే. మరుగున పడకముందే, జ్ఞాపకం ఉన్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను.

ఒక చోటు కోసమే పుట్టి, ఆ చోటులోనే అర్థమయ్యే శిల్పాన్ని సైట్ స్పెసిఫిక్ అంటారు. ఆ మాట ఎత్తగానే తరగతిలో స్లైడ్ ప్రొజెక్టర్ మీద మొదట పడే బొమ్మ అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా 'టిల్టెడ్ ఆర్క్'. న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో 1981లో నిలబెట్టిన ఉక్కు గోడ. పొడవు 36 మీటర్ల పైచిలుకు, ఎత్తు దాదాపు 3.7 మీటర్లు. దారికి అడ్డమని అక్కడి ఆఫీసుల వాళ్ళు గొడవ చేశారు, వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది, 1989లో ముక్కలుగా కోసి తీసేశారు. వేరేచోట పెట్టుకోవచ్చు కదా అంటే సెర్రా ఒప్పుకోలేదు. ఆ చోటు కోసం చేసినదాన్ని అక్కణ్ణించి కదిపితే ఇక అది లేనట్టేనని ఆయన వాదన. దాని తర్వాత వచ్చే స్లైడ్ వాల్టర్ డి మరియా 'న్యూయార్క్ ఎర్త్ రూమ్', 1977. 335 చదరపు మీటర్ల గదిలో 56 సెంటీమీటర్ల మందాన పరిచిన మట్టి. అంతే, ఇంకేం లేదు. మొత్తం బరువు లక్షా 27 వేల కిలోల పైన. చూడగానే క్లాసు మొత్తానికి మట్టి మీద మోజు పుట్టేది. భాగహారం చేస్తే చదరపు మీటరుకు 380 కిలోలు. మోజు కాస్తా ఆ లెక్క దగ్గర దిగేది, అసలు పని అక్కడ మొదలయ్యేది.

గది చేతికొచ్చిన రోజున స్కెచ్ గీయకూడదనేది అందరూ పాటించిన కట్టుబాటు. తలుపులు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా అక్కడే ఉండాలి. కిటికీ ఎండ నేల మీద ఎక్కడ పడుతోందో గంటకోసారి కాగితపు టేపుతో అంచు గుర్తుపెట్టి, పక్కన టైమ్ రాయాలి. ఆ టేపు కూడా సాయంత్రానికి పీకేయాలి. పెట్టెలకు వేసే బ్రౌన్ టేపు వాడితే నాలుగు రోజుల్లో జిగురు నేలకు పట్టేస్తుంది, స్పిరిట్‌తో తుడిస్తే పాలిష్ కూడా లేచొస్తుంది. ఇందులో అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. గుర్తుపెట్టింది ఈ నెల ఎండ, ప్రదర్శన మాత్రం రెండు నెలల తర్వాత. అప్పటికి సూర్యుడి ఎత్తు మారి ఆ ఎండ మరోచోట పడుతుంది, ఒక్కోసారి అసలు లోపలికే రాదు. నీడను నమ్ముకున్న శిల్పాలు చాలావరకు ఇక్కడే దెబ్బతినేవి.

ఆ కూర్చోవడంలో దొరికే అసలు లాభం అటెండర్లతో పరిచయం. ఏళ్ళ తరబడి అదే కుర్చీలో కూర్చున్నవాళ్ళకు తెలియనిదంటూ ఉండదు. జనం లోపలికి రాగానే ఏ వైపు తిరుగుతారు, పిల్లలు ఎక్కడ పరుగు అందుకుంటారు, వాన పడితే ఏ కిటికీ మూల చెమ్మ వస్తుంది, ఏ లైటు చోకు గుయ్యిమంటుంది, అన్నీ చెప్తారు. ప్రదర్శన చూసుకునే క్యూరేటర్ ఇచ్చే ప్లాన్ కాగితంలో వీటిలో ఒక్కటీ ఉండదు.

కొన్ని హాళ్ళలో కదపడానికి వీల్లేని పాత వస్తువులు ఉండేవి. గాజు బీరువా, గోడలోకి దింపిన రాతిపలక, ఏదో ఒకటి. వాటిని అడ్డంకిగా చూసినవాళ్ళ పనులు తేలిపోయేవి. అమెరికన్ కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ 1992లో మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో చేసిన 'మైనింగ్ ద మ్యూజియం' గుర్తున్నవాళ్ళకు ఆ పొరపాటు జరిగేది కాదు. ఆయన కొత్తగా ఏమీ చెక్కలేదు. మ్యూజియం సొంత సరుకులోంచే వెండి పాత్రలను, బానిసల సంకెళ్ళను తీసి ఒకే అల్మరాలో పక్కపక్కన పెట్టాడు. దేని పక్కన ఏం పెడుతున్నాం అన్నదే సగం శిల్పం.

ఇక కొలతలు. ఏ గదీ చదరంగా ఉండదు, ఏ నేలా సమంగా ఉండదు. పాత భవనమైతే మరీను. ముందు గది చుట్టూ ఒకే మట్టంలో, అంటే సుమారు మీటరు ఎత్తున, గుర్తులు పెట్టుకోవాలి. ఇందుకు నీళ్ళ లెవెల్ పైపును మించింది లేదు. కాకపోతే పైపులో ఒక్క గాలిబుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. ఒక చివర బొటనవేలితో మూసి ఉంచినా అంతే, చూసేటప్పుడు రెండు చివరలూ తెరిచే ఉండాలి. ఆ గీత నుంచి కిందికి కొలుచుకుంటూ పోతే నేల ఎక్కడ పల్లమో, ఎంత పల్లమో తేలిపోతుంది. ఆరేడు మీటర్ల హాల్లో రెండు మూడు సెంటీమీటర్ల తేడా కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మూలమట్టం చిన్నది కాబట్టి గది మూలకు అది చాలదు, 3-4-5 పద్ధతే శరణ్యం. ఒక గోడ వెంట 3 మీటర్లు, రెండో గోడ వెంట 4 మీటర్లు గుర్తుపెట్టి ఆ రెంటి మధ్య కొలిస్తే 5 మీటర్లు రావాలి. రాకపోతే మూల విచ్చుకుందో ముడుచుకుందో తెలుస్తుంది. గోడ నిలువుకు తూకం గుండు. ఏసీ గాలికి గుండు ఊగుతుంటే కింద బకెట్లో నీళ్ళు పెట్టి గుండును అందులోకి దించితే క్షణంలో నిలబడుతుంది.

ఇంత కొలిచినా గోడ నుంచి గోడకు సరిగ్గా సరిపోయేలా ఏదీ చేయకూడదు. 15 నుంచి 20 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఆ సందు చూసేవాళ్ళకు నీడగీతలా కనిపిస్తుంది తప్ప లోపంలా కనిపించదు. ఎత్తు విషయంలో ఇంకో చిక్కు. మూడు మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందం ఉన్న చట్రాన్ని నేల మీద పడుకోబెట్టి బిగించి పైకి లేపాలంటే, లేచేటప్పుడు దాని ఐమూల (ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న దూరం) పైకప్పు కింద పట్టాలి. ఆ ఐమూల 3.06 మీటర్లు. నిలబడ్డాక సరిపోయే చట్రం, నిలబెట్టడానికి మాత్రం 6 సెంటీమీటర్లు ఎక్కువవుతుంది. అలా సగం లేచి సీలింగుకు తగిలి ఆగిపోయిన చట్రాల్ని అక్కడికక్కడ రంపంతో కోయడం చాలామందికి తెలిసిన దృశ్యమే. గుమ్మం, లిఫ్టు, మెట్ల మలుపు, అన్నింటికీ ఇదే సూత్రం. అందుకే అట్టపెట్టెలతో అసలు సైజు డమ్మీ చేసి, స్టూడియో నుంచి హాలు దాకా మోసుకెళ్ళి చూసేవాళ్ళు. భాగాలుగా చేస్తే 8 మిల్లీమీటర్ల బోల్టుకు 10 మిల్లీమీటర్ల రంధ్రం, పైన వెడల్పాటి వాషర్. స్టూడియో నేల మీద చక్కగా కూర్చున్న బోల్టులు మ్యూజియం నేల మీద కూర్చోవు. ఆ 2 మిల్లీమీటర్ల వదులే కాపాడుతుంది.

బరువు లెక్క దగ్గరికి వద్దాం. జనం తిరిగే గ్యాలరీ నేలకు డిజైన్‌లో చదరపు మీటరుకు 400 నుంచి 500 కిలోల దాకా మోసే శక్తి ఇవ్వడం మామూలు. పాత చెక్కనేలలకు అంత ఉండకపోవచ్చు, అక్కడ ఇంజనీరు మాటే చివరి మాట. పొడి ఇసుక ఘనపు మీటరుకు దాదాపు 1,600 కిలోలు. పది సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకు 160. అదే తడి ఇసుకైతే 190, 200 దాకా పోతుంది, పైన నిలబడే మనుషుల బరువు వేరే. ఇసుక కుప్పగా పోస్తే మధ్యలో అరమీటరు ఎత్తుకే 800 కిలోలు. పరిచిన చోట లేని ప్రమాదం కుప్పలో ఉందన్నమాట.

మొత్తం బరువు తక్కువే ఉన్నా కాళ్ళ కింద పడే ఒత్తిడి వేరు. 300 కిలోల శిల్పం మూడు కాళ్ళ మీద నిలబడితే, ఒక్కో కాలి కింద 5 సెంటీమీటర్ల చదరం ఉంటే, చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. చెక్కనేల మీద గుంట ఖాయం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 40 సెంటీమీటర్ల చదరంగా కోసి కింద వేస్తే కాగితం మీద ఒత్తిడి అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. నిజానికి ప్లైవుడ్ అంచుల దగ్గర పైకి వంగుతుంది కాబట్టి భారం అంత సమంగా పరుచుకోదు. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి రేకలు అడ్డంగా వచ్చేలా వేస్తే మేలు. అడుగున ఫెల్ట్ (ఒత్తి చేసిన మెత్తటి గుడ్డ) వేయాలి. నల్ల రబ్బరు ముక్కలు వేయడం పెద్ద పొరపాటు, వాటిలోంచి దిగే మరక నేల పాలిష్‌లోకి పోయి ఇక వదలదు. పచ్చి ఇనుము నేరుగా రాయి మీద పెట్టినా అదే గతి. రోజూ తడిగుడ్డ వేసే హాలైతే వారంలో తుప్పు గీత కనిపిస్తుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీని వల్ల వచ్చే గొడవ కంటికి కనిపించదు. 100 కిలోల ప్లాస్టర్‌కు 70 లీటర్ల నీళ్ళు కలుపుతాం. అది గట్టిపడటానికి రసాయనికంగా తీసుకునేది 18, 19 లీటర్లే. మిగతా 50 లీటర్ల పైచిలుకు నీళ్ళు ఎక్కడికి పోతాయి? రోజుల తరబడి ఆవిరై ఆ హాలు గాల్లోకే. పక్క బీరువాలో తాళపత్రాలో, చెక్క బొమ్మలో ఉంటే గాలిలో తేమ 50 శాతానికి అటో ఇటో నిలపడానికి మ్యూజియం వాళ్ళు పడుతున్న పాట్లన్నీ వృథా. అచ్చు పోత స్టూడియోలోనే చేసి, పూర్తిగా ఆరాకే లోపలికి తేవాలి. ఆరిందీ లేనిదీ తెలుసుకోవడానికి తూకమే దారి. రెండు మూడు రోజులు వరుసగా తూచినా బరువు మారకపోతే ఆరినట్టు. చెంపకు ఆనించి చల్లగా ఉందా అని చూసే అలవాటు కూడా ఉండేది. పనికొచ్చేదే కానీ మందపాటి పోతకు నమ్మకం తక్కువ.

పచ్చిమట్టి సంగతీ అంతే, పైగా అది కుంచించుకుపోతుంది. మట్టి రకాన్ని బట్టి నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గుతుంది. మూడు మీటర్ల మట్టి గోడ నిలువునా పగలకుండా ఆరాలని కోరుకోవడం అత్యాశ. పలచటి అంచులు ముందు ఆరి బిగుసుకుంటాయి, లోపలి ముద్ద తర్వాత కుంచించుకుంటూ వాటిని లాగుతుంది, పగులు అక్కడ మొదలవుతుంది. తెలివైనవాళ్ళు ఆ పగుళ్ళనే పనిలో భాగం చేసుకునేవాళ్ళు. ఎక్కడ పగలాలో ముందే తీగతో సన్నగా కోత పెడితే పగులు చాలావరకు ఆ దారినే పడుతుంది. మిగిలేది దుమ్ము. లండన్ టేట్ మోడర్న్‌లో 2010లో చైనా కళాకారుడు అయ్ వేవే పరిచిన పింగాణీ పొద్దుతిరుగుడు గింజల మీద జనాన్ని నడవనిచ్చారు. తొక్కుడుకు లేచిన దుమ్ము ఆరోగ్యానికి మంచిది కాదని కొద్ది రోజుల్లోనే నడక ఆపేయాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు.

గడ్డి, బెరడు, ఉన్ని, ఈకలు, పచ్చికర్ర విద్యార్థులకు ఇష్టమైన సరుకు. డబ్బు తక్కువ, వాసన ఎక్కువ. పాత వస్తువులను కాపాడే కన్జర్వేటర్‌కు మాత్రం అవి పురుగుల మూటలు. వాటిని పాలిథీన్‌లో గాలి పోకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాకే హాల్లోకి రానిచ్చేవాళ్ళు. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఒక రోజు అలాగే వదిలేస్తే చెమ్మ కవరు బయటే పడుతుంది. విప్పేస్తే సరుకు మీద పడి బూజు పడుతుంది.

జిగుర్ల విషయంలో ముక్కే మొదటి పరికరం. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, దగ్గర్లో ఉన్న సీసపు వస్తువులకు అది విషం, రాగికీ మంచిది కాదు. వాసన రాని న్యూట్రల్ రకం వాడాలి. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసినవి) పలకలూ ఇలాంటి ఆవిర్లే వదులుతాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ పేరు మీద వచ్చిన పరీక్ష ఉంది. వెండి, రాగి, సీసం ముక్కల్ని అనుమానమున్న సరుకుతో పాటు తేమగల గాజుపాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, లోహం రంగు మారిందేమో చూస్తారు. సరుకు ఒక నెల ముందే ఖరారు చేసుకోవాలని క్యూరేటర్లు పోరేది ఇందుకే. చివరి వారంలో జిగురు మార్చిన విద్యార్థికి అది చాదస్తంలా అనిపించేది.

వేలాడదీసే పనుల దగ్గర మాత్రం చాదస్తం చాలదు, ఇంకా కావాలి. జనం తలల మీద వేలాడేదానికి తాడు తెగే బరువులో పదో వంతుకు మించి భారం వేయకూడదని పట్టుబట్టేవాళ్ళు. అంతకంటే ప్రమాదం కోణంలో ఉంది. రెండు తాళ్ళ మధ్య కోణం 120 డిగ్రీలైతే ఒక్కో తాడు మీదా మొత్తం బరువంత లాగుడు పడుతుంది. 150కి వెళ్తే దాదాపు రెట్టింపు. వస్తువు గాల్లో తేలినట్టు కనిపించాలని తాళ్ళను బల్లపరుపుగా లాగాలనుకునే ప్రతి డిజైన్‌నూ ఈ ఒక్క లెక్క చంపేస్తుంది. చేపల గాలానికి వాడే నైలాన్ దారం కనిపించదు కాబట్టి అందరికీ ముద్దు. కానీ ముడి దగ్గర దాని బలం సగం దాకా పడిపోవచ్చు, బరువు కింద రోజురోజుకీ సాగుతుంది. సోమవారం నేలకు పది సెంటీమీటర్ల పైనున్నది పై సోమవారానికి ఎనిమిదిలో ఉంటుంది. వైరు రోపుకు క్లిప్పులు వేసేటప్పుడు యూ ఆకారపు కడ్డీ ఎప్పుడూ రోపు తోక (బరువు మోయని కొస) వైపు ఉండాలి, క్లిప్పు దిమ్మ బరువు మోసే పోగు మీద కూర్చోవాలి. తిరగేస్తే మోసే పోగే నలిగిపోతుంది. బరువు పడ్డాక రోపు కాస్త సన్నబడుతుంది, మర్నాడు నట్లు మళ్ళీ బిగించాలి.

గోడకు మేకు కొట్టనివ్వరు, ఆ సంగతి తెలిసిందే. సీలింగు వైపు చూసేటప్పుడు మంటలార్పే స్ప్రింక్లర్ల కింద 45 సెంటీమీటర్లు ఖాళీగా వదలాలి, లేకపోతే నీళ్ళు విచ్చుకోవు. గుడ్డలు వేలాడదీస్తే రాత్రి ఏసీ గాలికి అవి ఊగి, దొంగల కోసం పెట్టిన సెన్సర్ మోగవచ్చు. రాత్రి రెండు గంటలకు సెక్యూరిటీ వాళ్ళను లేపిన శిల్పానికి మర్నాటి నుంచి ఆ హాల్లో మర్యాద ఉండదు. గోడలోంచి పొడుచుకొచ్చే భాగాల అడుగు అంచు నేలకు 68 సెంటీమీటర్ల పైన ఉంటే, అవి 10 సెంటీమీటర్లకు మించి ముందుకు రాకూడదు. చూపులేని వాళ్ళ చేతికర్రకు కింద ఏమీ తగలదు, నేరుగా ఛాతీకే తగులుతుంది.

నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఇష్టమైన దశ న్యూస్‌పేపర్ దశ. 1:20 అట్ట నమూనా ఒప్పుకున్నాక, హాల్లో అసలు సైజులో పాత పేపర్లు అంటించి, పురికొస లాగి, శిల్పం ఆకారం నిలబెట్టేవాళ్ళు. నమూనాను పైనుంచి చూస్తాం కాబట్టి అందులో అన్నీ అందంగానే ఉంటాయి. హాల్లో కళ్ళు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటాయి, గుమ్మం దగ్గర నిలబడితే ముందున్న ముక్క వెనకవాటిని మింగేస్తుంది. పేపర్లు కట్టిన రోజునే పన్నెండు ముక్కల డిజైన్ ఐదుకు దిగేది. ఆ కోత నచ్చక అలిగేవాళ్ళూ ఉండేవారు. హాలు నింపేసిన పనుల్లో నిలబడినవి నాకైతే తక్కువే కనిపించాయి. స్క్రీన్ మీద రెండరింగ్ (కంప్యూటర్ గీసిన బొమ్మ) చూసి ఒప్పేసుకునే ఇప్పటి పద్ధతిలో పోయింది ఈ దశే. స్కాన్ ఉన్నా సరే, ఒక్క పూట పేపర్లు కట్టి చూడమని గట్టిగా చెప్తాను.

విప్పడం బిగించినంత శ్రద్ధగా చేయాలి. కొలంబియా శిల్పి డోరిస్ సల్సేదో 2007లో టేట్ మోడర్న్ టర్బైన్ హాలు నేలలో 167 మీటర్ల పగులు తెరిచింది. ప్రదర్శన అయ్యాక పూడ్చేశారు, ఆ గీత ఇప్పటికీ నేల మీద కనిపిస్తుంది. విద్యార్థులకు ఆ వెసులుబాటు లేదు. మొదటి రోజే నేల, గోడలు అడుగడుగునా ఫోటో తీసి, పాత గీతలు, పెచ్చులు రాసి, మ్యూజియం వాళ్ళ సంతకంతో కాగితం ఉంచుకోవాలి. అది లేకపోతే పదేళ్ళ నాటి గుంట కూడా మన ఖాతాలో పడుతుంది. అప్పగించే రోజు లైట్లన్నీ ఆర్పి, టార్చిని నేలకు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టి చూస్తారు. పైనుంచి కనిపించని గుంటలు నీడలతో బయటపడతాయి. చెక్కనేలైతే ప్లైవుడ్ కింద ఉన్న మేర రంగు తేడాగా మిగలొచ్చు, చుట్టుపక్కల ఎండకు మారింది, అది మారలేదు. దానికి పాలిష్ రుద్దితే తేడా ఇంకా పెరుగుతుంది, వదిలేయడమే.

సామానులో ప్లైవుడ్ దిమ్మలు, వాషర్లు, షాకిల్స్ (తాళ్ళు తగిలించే ఇనుప కొక్కేలు), ఫెల్ట్ ముక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసి తర్వాతి వాళ్ళకు ఇవ్వడం ఆనవాయితీ. వైరు రోపు మాత్రం ఇవ్వకూడదు. క్లిప్పులు ఒకసారి నొక్కిన చోట పోగులు చితికి ఉంటాయి, పైకి కనిపించదు. మళ్ళీ ఎవరూ వాడకుండా మీటరు ముక్కలుగా కోసి పడేయాలి.